దోనె మొనన కూర్చున్న మనిషి

ఆయన చనిపోయాడన్న కబురును కూడా నేను ఇద్దరి దగ్గర వాకబు చేసుకున్నాకే నమ్మాను. మొదట డ్రైవర్ భాయ్ ఫోన్ చేసి, "కాక గుజర్ గయా సారూ, గుండె ఆగిందంట" అన్నాడు. "ఎవరు చెప్పిన్రు?" అని అడిగాను. సంతాపం తెలిపే పద్ధతి అది కాదని నాకు తెలుసు. కానీ కాక గురించి ఏ సంగతి విన్నా ముందుగా ఆ ప్రశ్న వేయడం నాకు అప్పటికే అలవాటైపోయింది.

ఆయనది జగిత్యాల వైపు గోదావరి ఒడ్డు ఊరు. అక్కడివాళ్ళు గోదావరిని గంగ అంటారు. నాది కరీంనగర్ టౌను, నేను దాన్ని బ్రిడ్జి మీద నుంచి చూసినవాణ్ణి. బహ్రెయిన్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీకి సఖీర్‌లో సైటుండేది. నేను ఆ సైటు ఆఫీసులో కాగితాలు చూసేవాణ్ణి. ఆయన బయట కాగితాలు అక్కర్లేని పనులన్నీ చేసేవాడు. యాభై దాటిన మనిషి. క్యాంపులో అందరూ ఆయన్ని బోర్నియో కాక అనేవాళ్ళు. ఆ పేరులో సగం గౌరవం, సగం వెక్కిరింత. సగం సగం అనడం కూడా మర్యాద కోసమే.

మా పరిచయం బస్సులో. ఆ ఏడంతా నా కారు షెడ్డులోనే పడుకుంది. మెకానిక్ రేపు ఇస్తానని రోజూ చెప్పేవాడు, నేను రోజూ నమ్మేవాణ్ణి కాదు. కాబట్టి సనాబిస్‌లో నా గది పక్క సందులోని క్యాంపు దగ్గర బస్సు ఎక్కి సైటుకు వెళ్ళేవాణ్ణి. బస్సు నడిపేది హైదరాబాద్ మనిషి, డ్రైవర్ భాయ్. అతని పక్క సీటు కాకది. అందులో ఇంకెవరైనా కూర్చుంటే కాక ఏమీ అనేవాడు కాదు, వాళ్ళు లేచేదాకా పక్కన నిలబడేవాడు.

కూర్చున్నాక చూపు అద్దంలోంచి రోడ్డు మీద ఉండేది. కుడి చెయ్యి మోకాలి మీద ఉండేది. ఉన్నట్టుండి ఆ చెయ్యి లేచేది. వేళ్ళు దగ్గరగా చేర్చి, అరచెయ్యి ఎడమకు వంచితే ఎడమకు పొమ్మని. కిందికి రెండుసార్లు తడితే నెమ్మదించమని. నిలువుగా ఎత్తితే ఆగమని.

"అరె కాకా, నాకు లైసెన్స్ ఉంది. పద్నాలుగు సాల్‌ది" అనేవాడు డ్రైవర్ భాయ్.

"నీకు లైసెన్సుంటె గుంతకు ఎర్కనా?" అనేవాడు కాక, అతనివైపు తిరక్కుండానే.

ఆయన ఎవరివైపూ తిరిగేవాడు కాదు. అదే నాకు మొదట అనుమానం పుట్టించింది. మాట్లాడేటప్పుడు మొహంలోకి చూడని మనిషి ఏదో దాస్తున్నాడని మనం చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాం. కాక మెస్సులో అన్నం తింటూ మాట్లాడినా గోడవైపు చూసే మాట్లాడేవాడు. నడిస్తే నలుగురికంటే రెండడుగులు ముందు నడిచేవాడు. మాటలు మాత్రం వెనక నడిచేవాళ్ళకు వేసేవాడు. ఆయనతో ఏడాది పరిచయంలో నాకు బాగా గుర్తున్నది ఆయన మెడ.

ఆ మెడ చెప్పే కథ ఒకటే. మొదటిసారి ఏజెంటు ఆయన్ని మలేషియాకు పంపాడు. బోర్నియో దీవిలో పామాయిలు తోట. అక్కడ ఆర్నెల్లు గెలలు కోశాక, నది మీద యాత్రికుల బస ఒకటి ఉంటే అందులో పనికి కుదిరాడు. ఏడేళ్ళు దోనెల మీద తెల్లవాళ్ళను అడవిలోకి తీసుకుపోయాడు. రోడ్డు లేదు, కరెంటు లేదు, ఫోను లేదు. పొద్దున దోనెక్కితే మూడోనాడు దిగుడు. అడవిలో ఏనుగులు, మొసళ్ళు, చెట్ల మీద ఒరాంగుటాన్ కోతులు. ఆయన గైడు.

"ఇంగ్లీషు రాకుండ గైడు?" అని నేను.

"దోవకు ఇంగ్లీషెందుకు సారు?" అని మెడ.

నాలాంటి డిగ్రీ చదివినవాడికి ఇలాంటివాణ్ణి పట్టుకోవడం సరదా. రాత్రి గదిలో ఫోనులో బోర్నియో జంతువుల బొమ్మలు చూసుకుని, పొద్దున బస్సులో ప్రశ్నపత్రం తెరిచేవాణ్ణి.

"ఒరాంగుటాన్ ఏ రంగుంటది కాకా?"

"నాకేం ఎర్క? నేను జూడలే."

బస్సంతా సంతోషంతో ముందుకు వంగింది.

"ఏడేండ్లల్ల ఒక్కసారి గుడ సూడలే?"

"సప్పుడు ఇన్న. కొమ్మలిరిగే సప్పుడు. ఎనుక గోరాలు ఓహో అనేటోళ్ళు. గా ఓహోను బట్టి పెద్దదే అనుకునేటోణ్ణి."

"పొడుగు ముక్కు కోతులుంటయంట గద?"

"అవి నీళ్ళల్ల దుంకితె సూసిన. దుంకినంక ముక్కు యాడ కనవడ్తది?"

డ్రైవర్ భాయ్ స్టీరింగు వదిలేసి నవ్వాడు. "ఆధా జంగల్ చూసినవ్ కాకా! పైదంతా ఛోడ్ దియా!"

కాక చెయ్యి నిలువుగా లేచింది. ముందు సిగ్నల్ ఎర్రగా ఉంది. భాయ్ బ్రేకు తొక్కాడు.

మొసలి గురించి మాత్రం అడక్కుండానే చెప్పేవాడు. "నీళ్ళల్ల మొద్దు గుడ నల్లగనే ఉంటది, మొసలి గుడ నల్లగనే ఉంటది. మొద్దు నీళ్ళు పొయ్యే దిక్కు పోతది. మొసలి అడ్డం పోతది." ఇది వినడానికి నిజంలాగే ఉంది. మంచి అబద్ధాలన్నీ అలాగే ఉంటాయి కాబట్టి నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

నా అనుమానానికి అసలు బలం ఇంకో ప్రశ్నలో ఉంది. అంత మంచి పని, నీడపట్టున కూర్చుని చేసే పని, ఎందుకు వదిలేశాడు? ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు. "ఇడిశిపెట్టిన. గంతే." ఆ తర్వాత చెయ్యి లేచేది, రోడ్డు ఖాళీగా ఉన్నా.

ఒక చలికాలం పొద్దున వాన పడింది. బహ్రెయిన్‌లో వాన చుట్టం లాంటిది. ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది, ఎక్కడికి పోవాలో తెలియక రోడ్డు మీదే ఉండిపోతుంది. క్యాంపు సందంతా మోకాలి లోతు నీళ్ళు. బస్సు ఆగింది. కాక దిగాడు, ప్యాంటు మడిచాడు, నీళ్ళకేసి అర నిమిషం చూశాడు. తర్వాత బస్సు ముందు నడుస్తూ, వెనక్కి చూడకుండా, చేత్తో ఎడమకు, కొంచెం ఎడమకు, ఇక నేరుగా అని చూపిస్తూ పోయాడు. ఆయన తప్పించిన చోట మ్యాన్‌హోల్ మూత లేదని నీళ్ళు తీశాక తెలిసింది. బస్సులో అందరూ మెచ్చుకున్నారు. రోజూ నడిచే సందులో మ్యాన్‌హోల్ ఎక్కడుందో ఎవడికైనా తెలుస్తుందని నేను అన్నాను. నాకు తెలియదన్న సంగతి ఎవరూ గమనించలేదు.

ఆ నెలలోనే కంపెనీ ఆయన్ని బుదైయాలో ఒక విల్లాకు ప్రహరీగోడ పనికి పంపింది. ఆ విల్లాలో ఉండే గోరా సాబ్ పెరట్లో ఇద్దరు కూర్చునే ప్లాస్టిక్ దోనెలు వరసగా పేర్చి ఉన్నాయి. కాయక్‌లంటారు. తుబ్లీ దగ్గర సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన చోట మడచెట్ల అడవి కొంచెం మిగిలింది. శుక్రవారాలు సాబ్ యాత్రికులను ఆ పాయల్లోకి తీసుకెళ్ళి పక్షులను చూపిస్తాడు. అదే ఆయన వ్యాపారం. కాక సిమెంటు చేతులు కడుక్కుని వెళ్ళి ఒక కాయక్‌ను తట్టి చూశాడట. సాబ్ అడిగాడు. కాక తనకు వచ్చిన హిందీ, మలాయ్ కలిపి చెప్పాడు. సాబ్‌కు ఒక మనిషి కావాలి, అనుభవం కాగితం తెమ్మన్నాడు.

ఆ సాయంత్రం కాక సనాబిస్‌లో నా గదికి వచ్చాడు. కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు.

"సారు, ఓ కాయితం రాయాలె."

విషయం ఇది. సైటు పని అయిపోవస్తోంది. నెలాఖరుకు యాభై దాటినవాళ్ళ వీసాలు కంపెనీ రద్దు చేస్తోంది. ఈలోగా గోరా సాబ్ కఫీల్‌గా, అంటే పూచీదారుగా, వీసా తన పేరుమీదికి మార్చుకుంటే ఉంటాడు, లేకపోతే విమానం.

"ఊరికి పోతె మల్ల నన్నెవడు పిలుస్తడు సారు? మోకాళ్ళు వోయినయ్. సామాన్ మోసుడు ఇగ నాతోటి గాదు. కూసుండి జేశే పని నాకు గదొక్కటే వస్తది."

"నిజంగ వస్తదా కాకా?"

కిటికీలోంచి ఎదురుగా దుకాణం బోర్డు తప్ప ఏమీ కనిపించదు. ఆయన చూపు దాని మీదే ఉంది. "రాయి సారు" అన్నాడు.

రాశాను. బోర్నియో నదుల్లో ఏడేళ్ళు గైడుగా పనిచేసినట్టు ఇతను చెబుతున్నాడు, అని రాశాను. ఎవరు అడిగినా నా మీదికి రాదు. కాక ఆ కాగితాన్ని మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. సాబ్ రెండోరోజు ఫోన్ చేసి, మీకు ఇతను బాగా తెలుసా అన్నాడు. బస్సులో తెలుసన్నాను. అయితే శుక్రవారం పొద్దున పరీక్షగా ఒక యాత్ర పెడతాను, భాషకు మీరు కూడా రండి అన్నాడు. వెళ్ళాను. పట్టుబడేటప్పుడు దగ్గరుండాలని నాకూ ఉంది.

అక్కడ బోర్నియోలా వర్షారణ్యం అనడానికి వర్షమూ లేదు, అరణ్యమూ తక్కువే. చుట్టూ హైవే, గోడౌన్లు. మధ్యలో పచ్చటి మడచెట్లు, వాటి చుట్టూ బురదలోంచి వేలెడేసి లేచిన వేళ్ళు. కానీ పాయలోకి రెండు మలుపులు తిరిగేసరికి హైవే మోత ఆగిపోయింది. అటూ ఇటూ కొమ్మలు, కింద ఆకుపచ్చ నీళ్ళు, ఎక్కడో రెక్కల చప్పుడు. ముందు కాయక్‌లో కాక, ఆయన వెనక నేను. మా వెనక రెండింట్లో నలుగురు అతిథులు, మెడల్లో కెమెరాలు. అందరికంటే వెనక ఒంటరి కాయక్‌లో గోరా సాబ్.

కాక వీపు నిటారుగా ఉంది. ఒక చేత్తో తెడ్డు, ఇంకో చెయ్యి మోకాలి మీద. ఆ చెయ్యి లేచినప్పుడల్లా నేను తిప్పాను. ఒక్కచోటా తగల్లేదు.

తర్వాత పాయ వెడల్పయింది. ఎదురుగా గులాబీరంగు ఫ్లెమింగోలు వందకు పైగా, ఒంటికాళ్ళ మీద. అతిథులు ఓహో అన్నారు. కాక తలెత్తలేదు. సాబ్ వెనకనుంచి, ఈ పక్షులు ఎక్కడి నుంచి వస్తాయో, ఏం తింటాయో అతన్ని చెప్పమను, నువ్వు ఇంగ్లీషులో చెప్పు, అని కేకేశాడు.

"కాకా, పక్షుల గురించి జెప్పుమంటున్నడు."

"పక్షులు నాకేం ఎర్క సారు?"

"గైడువు గద?"

"నేను ముంగట కూసునేటోణ్ణి. జంతువుల ముచ్చట జెప్పెటోడు ఎనుక ఉండేటోడు, ఇంగ్లీషోడు. గోరాలు చెట్లు జూసేటోళ్ళు, నేను నీళ్ళు జూసేటోణ్ణి. తలెత్తితె దోనె మొద్దుకు దాకుతది. దోవ సూపెటోణ్ణి గైడనే అంటరు గద?"

ఏడాది పాటు వెతికిన దొంగ నడిరోడ్డు మీద తనే ఎదురొచ్చి నమస్కారం పెట్టినట్టయింది నాకు. గైడు కాదు. దోనె మొనన కూర్చుని చెయ్యి ఊపే మనిషి. నేను ఆ గెలుపు రుచి చూస్తూ ఉండగానే కాక ఇంకోమాట అన్నాడు, గొంతు మార్చి.

"సారు, నీళ్ళు గుంజుతున్నయ్. చెట్ల ఏళ్ళకు తడిగీత సూడు, జానెడు దిగింది. ఎండ్రికాయలు బయటికొచ్చినయ్. ఇప్పుడే, గీ నిమిషమే ఎనుకకు తిరగాలె. లేకుంటె అందరం బురదల కూసుంటం. సాబ్‌కు జెప్పు."

చెయ్యి నిలువుగా లేచింది.

పక్షుల ప్రశ్నకు జవాబు తెలియనివాడు ఇల్లు చేరే తొందరలో ఉన్నాడని నాకు అర్థమైంది. లేదా అర్థమైందనుకున్నాను. సాబ్‌వైపు తిరిగి ఇంగ్లీషులో ఇలా చెప్పాను: అతను పక్షుల విషయంలో అంత గట్టివాడు కాదు. వీలైతే మరీ ఎక్కువ దూరం పోకుంటే బాగుంటుందని కూడా అతని అభిప్రాయం.

అందులో అబద్ధం ఏమీ లేదు. సాబ్ ఫోను తీసి ఆటుపోట్ల వేళలు చూశాడు. నీళ్ళు తగ్గడానికి ఇంకా గంటన్నర ఉంది, పోదాం పద, అన్నాడు. కాక చెయ్యి దించలేదు. కాయక్‌ను తిప్పేది వెనక కూర్చున్నవాడు. నేను నేరుగా పోనిచ్చాను.

ఇరవై నిమిషాల తర్వాత మా కింద ఏదో రాసుకున్న చప్పుడైంది. ఇంకో పది నిమిషాలకు నాలుగు కాయక్‌లూ బురదలో బొమ్మల్లా కూర్చున్నాయి. సాబ్ ఫోను చెప్పింది రేవు దగ్గర లెక్క. ఈ సన్నపాయలు అంతకంటే ముందే ఖాళీ అవుతాయట. ఒక అతిథి ఇంతే కదా అని దిగి తొడదాకా దిగబడి కేకపెట్టాడు.

"ఎవ్వరు దిగొద్దు!" అన్నాడు కాక. ఆ ఒక్కమాటకు అనువాదం అవసరం పడలేదు.

నన్ను తెడ్డు అడ్డంగా పట్టుకుని కదలొద్దన్నాడు. తను కాయక్ తోక మీద ఒక మోకాలు ఆనించి, రెండోకాలితో బురదను వెనక్కి తంతూ, దాన్ని పొట్టమీద జారించాడు. ముందు ఆ అతిథి చంకల కింద తాడు వేసి పైకి లాగాడు. తర్వాత ఒక్కొక్క కాయక్‌కు తాడు కట్టి, అలాగే ఒంటికాలితో తంతూ, లోతున్న పాయదాకా చేర్చి మళ్ళీ వచ్చాడు. పోయిన మోకాళ్ళని ఆయన చెప్పినవి అవే. నాలుగో కాయక్ నీళ్ళలో పడేసరికి మిట్టమధ్యాహ్నం. ఆయన నడుము దాకా నల్లగా ఉన్నాడు. అతిథులు ఫ్లెమింగోలను మరిచిపోయి ఆయన్ని ఫోటోలు తీశారు.

ఒడ్డున గోరా సాబ్ ఆయన బురద చెయ్యి పట్టుకుని వదల్లేదు. వచ్చే నెల ఒకటి నుంచి తన దగ్గరే, వీసా మార్పు తనే చూసుకుంటాడు, పక్షుల సంగతి తనే చెప్పుకుంటాడు. ఈ మాటలన్నీ నేను కాకకు ఒక్కటీ పోనివ్వకుండా చెప్పాను, నాకేదో ప్రాయశ్చిత్తమైనట్టు.

కాక కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"సారు, నీళ్ళు దిగుతున్నయని నేన్జెప్పిన మాట సాబ్‌కు జెప్పినవా?"

"జెప్పిన."

"గీ నిమిషమే తిరగాలె అన్నది?"

"జెప్పిన కాకా."

"ఇనలేదా?"

తల ఊపానో లేదో గుర్తులేదు. ఊపినా ఆయన చూడలేదు, కుళాయివైపు ఉన్నాడు.

"అయితె వద్దు" అన్నాడు.

"ఏం వద్దు?"

"గీ పని. బోర్నియోల ఎనుక ఇంజను పట్టేటోడు ఒక్కసారి నా చెయ్యి సూసి గుడ ఇనలే. ఏం గాదన్నడు. దోనె బోర్లపడ్డది. పదేండ్ల గోరా పిల్ల సారు. నాకు దొరికింది, గని పొద్దుగూకినంక దొరికింది. గా దినమే ఇడిశిపెట్టిన. చెప్పినా ఇననోని దోనెల నేను కూసుండ."

కుళాయి ఇంకా పారుతోంది. వాస్తవం చెప్పడానికి నాకు ఆ రెండు కాళ్ళు కడిగేంత సమయం ఉంది. విననిది సాబ్ కాదు కాకా, నేను, అంటే చాలు. ఏడాదిగా అబద్ధాలకోరని నేను బస్సులో నిలబెట్టిన మనిషికి ఆ మాట చెప్పాలి. ఆయన చెప్పులు తొడుక్కున్నాడు. కుళాయి కట్టేశాడు.

"సాబ్‌కు ఉన్నదున్నట్టు జెప్పు సారు" అన్నాడు.

సాబ్‌కు, ఇతనికి ఇంటి దగ్గర ఏదో అవసరముందట, ఊరికి పోతానంటున్నాడు, అని చెప్పాను. సాబ్ చాలా నొచ్చుకున్నాడు. నెలాఖరుకు కాక వెళ్ళిపోయాడు. ఊళ్ళో మిగిలిన మూడేళ్ళూ ఏం చేశాడో డ్రైవర్ భాయ్‌కు కూడా సరిగా తెలియదు.

ఆయన వెళ్ళిన వారానికి క్యాంపు నుంచి నిర్మల్ వైపు మేస్త్రి ఒకతను నా గదికి వచ్చాడు. నడుంనొప్పి, ఆసుపత్రిలో పెద్ద డాక్టరు రమ్మన్నాడు, భాషకు మనిషి కావాలి.

"నేనే ఎందుకు?" అన్నాను.

"కాక జెప్పిపోయిండు సారు. మీరైతె మాట మింగరంట. సాబ్ ముంగట గుడ ఉన్నదున్నట్టు జెప్పిన్రంట."

అతని మొహంలో ఎగతాళి ఉందేమోనని వెతికాను. లేదు. వెళ్ళాను. డాక్టరు ఎక్స్‌రే గోడకు పెట్టి, వెన్నులో రెండు పూసలు అరిగిపోయాయనీ, ఇవాళ్టి నుంచి బరువు మోయకూడదనీ, మోస్తే కాళ్ళు పడిపోతాయనీ అన్నాడు. దీన్ని నా పద్ధతిలో చెప్పడానికి నాకు మంచి మాటలు చాలా తెలుసు. కొంచెం జాగ్రత్త, వీలైతే తక్కువ బరువులు, అలాంటివి.

డాక్టరు అన్నది అన్నట్టు చెప్పాను.

మేస్త్రి ఎక్స్‌రే వైపు చూశాడు, నావైపు చూశాడు. "గింత గట్టిగ అన్నడా సారు?"

"గింతే గట్టిగ అన్నడు."